గోలు కాపలా మనిషి – రికార్డో జమోరా

పోయిన నెల గోడపత్రికలో పదో తరగతి అక్క కొమురం భీం జీవితం రాసింది. అందరూ నిలబడి చదివారు. ఈ నెల నా వంతు వచ్చింది. నేను ఒక ఆటగాడి జీవితం రాస్తున్నాను. ఆయన మన దేశం వాడు కాదు, స్పెయిన్ దేశం వాడు. పేరు రికార్డో జమోరా. 1978లోనే చనిపోయాడు. కానీ ఆ దేశంలో ఇప్పటికీ ఏటేటా ఆయన పేరు మీద ఒక బహుమతి ఇస్తారు. ఆయన గోలు కొట్టేటోడు కాదు, గోలు ఆపేటోడు.

ఈయన గురించే ఎందుకు రాస్తున్నానంటే ముందు మన గ్రౌండు సంగతి చెప్పాలి. సాయంత్రం ఆటల పీరియడులో మనం ఫుట్ బాల్ ఆడతాం కదా. ఇటు రెండు రాళ్లు, అటు రెండు రాళ్లు పెడితే గోలు అయిపోతుంది. జట్లు పంచుకునేటప్పుడు బాగా ఉరికేటోళ్లను ముందు తీసుకుంటారు. చివరికి ఎవరూ తీసుకోని పిల్ల ఒకతి మిగులుతుంది. ఆమెను పోయి గోలులో నిలబడమంటారు. ఆ మిగిలిన పిల్ల ఎవరో మీ అందరికీ తెలుసు. ఎనిమిదో తరగతి వాళ్లతో ఆడిన రోజు నా రాళ్ల మధ్య నుంచి ఐదు గోల్స్ పోయాయి. ఆ రాత్రి అన్నం బెల్లు కొట్టినా నేను లేవలేదు. జమోరా కథ నాకు తెలిసింది ఆ తర్వాతనే.

రికార్డో జమోరా 1901 జనవరి 21న బార్సిలోనాలో పుట్టాడు. బార్సిలోనా సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద పట్నం. నాన్న డాక్టరు. కొడుకు కూడా డాక్టరు కావాలని ఇంట్లో అందరి కోరిక. మన ఇళ్లల్లో అట్లా ఉండదు. చదువుకోమని పంపుతారు గాని చదివి ఏం కావాలో మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు, ఎందుకంటే ఆయన బడికి పోలేదు. జమోరాకు మాత్రం దారి ముందే గీసి పెట్టారు. ఆయనే ఆ గీత దాటి గ్రౌండులోకి పోయాడు. 1916లో, పదిహేనేళ్ల వయసులో, ఎస్పాన్యోల్ అనే జట్టులో గోల్ కీపరుగా చేరాడు. ఎస్పాన్యోల్ కూడా బార్సిలోనా పట్నం జట్టే. పదిహేనేళ్లంటే మనకన్నా ఒక్క ఏడాది పెద్ద, అంతే. మీసాలున్న మొగోళ్ల మధ్య ఆ పిల్లగాడు నిలబడ్డాడు.

గోలు అంటే మన రెండు రాళ్లు కాదు. అసలు గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. మన తొమ్మిదో తరగతి గదిలో బోర్డు ఉన్న గోడ మొత్తం అనుకోండి. అంత గోడకు ఒక్క మనిషి కాపలా. అదీగాక ఆ రోజుల్లో ఆట ఇప్పటిలాగా లేదు. బంతి తోలుతో కుట్టింది, వానలో తడిస్తే బరువెక్కేది. గోల్ కీపర్ బంతి పట్టుకున్నా ఎదుటివాళ్లు వచ్చి భుజంతో గుద్దొచ్చు, అది తప్పు కాదు. దెబ్బ తగిలితే ఆయన బదులు ఇంకొకర్ని దింపే పద్ధతి కూడా లేదు. కాలు విరిగినా చెయ్యి విరిగినా అట్లనే ఆడాలి, లేకపోతే జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. జమోరా ఒంట్లో విరగని ఎముకలు ఎన్ని మిగిలాయో అనిపిస్తుంది ఆయన జీవితం చదివితే.

ఆయన నెత్తి మీద బట్ట టోపీ పెట్టుకునేవాడు. మెడ దాకా వచ్చే తెల్ల స్వెట్టరు వేసుకునేవాడు. ఎండ కళ్లలో పడకుండా టోపీ, గుద్దులు తగలకుండా స్వెట్టరు అని చెప్పుకునేవాడట. కానీ చూసేటోళ్లకు అది అందంగా కనపడేది, ఆ సంగతి ఆయనకు కూడా తెలిసే ఉంటుంది. చేతులతో ఆపడమే కాదు, మోచేతితో కూడా బంతిని దూరంగా కొట్టేవాడు. ఆ దెబ్బకు స్పెయిన్ లో జమోరానా అని పేరే పెట్టారు. ఆయన్ను దివ్యుడు అని పిలిచేవాళ్లు. అంటే దేవుడిలాంటోడు అని. సిగరెట్లు మాత్రం విపరీతంగా తాగేవాడు. ఆ సంగతి దాచకుండా రాస్తున్నాను, వార్డెన్ మేడం ఏమీ అనుకోవద్దు.

1919లో ఎస్పాన్యోల్ వాళ్లతో తగువు వచ్చి అదే పట్నంలో ఉన్న బార్సిలోనా జట్టుకు పోయాడు. ఆ రెండు జట్లకు పడదు. ఒక ఊళ్లో రెండు గుంపులు ఉన్నట్టు. అక్కడ సమితియె అనే ఆటగాడు ఆయనకు స్నేహితుడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. ఆ జట్టుతో 1920లో, 1922లో రాజు కప్పు గెలిచాడు. 1922లో తిరిగి ఎస్పాన్యోల్ కే వచ్చాడు.

1920లో బెల్జియం దేశంలో ఆంట్వెర్ప్ అనే చోట ఒలింపిక్స్ జరిగాయి. అప్పటిదాకా స్పెయిన్ కు దేశం జట్టు అంటూ ఒకటి లేనే లేదు. అదే మొదటిసారి. ఆగస్టు 28న మొదటి ఆట డెన్మార్క్ తో. డెన్మార్క్ అంతకుముందు ఒలింపిక్స్ లో రెండో స్థానం వచ్చిన జట్టు, అందరూ వాళ్లే గెలుస్తారు అనుకున్నారు. జమోరాకు పందొమ్మిదేళ్లు. ఆయన ఒక్క గోలు కూడా పడనివ్వలేదు. స్పెయిన్ 1-0తో గెలిచింది. చివరికి వెండి పతకం వచ్చింది. అయితే ఇటలీతో ఆటలో ఎదుటి ఆటగాడిని కొట్టినందుకు రెఫరీ జమోరాను బయటకు పంపేశాడు. కోపం వస్తే ఆయన కూడా మనలాగే.

ఆ జట్టులోనే పిచిచి అనే ఆటగాడు కూడా ఉన్నాడు. అసలు పేరు రఫాయెల్ మొరేనో. చానా గోల్స్ కొట్టేవాడు. పాపం 1922లో 29 ఏళ్లకే చనిపోయాడు. ఇప్పుడు స్పెయిన్ లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే బహుమతి పిచిచి పేరు మీద, తక్కువ గోల్స్ పడనిచ్చినవాడికి ఇచ్చేది జమోరా పేరు మీద. ఇద్దరూ ఒకే జట్టులో కలిసి ఆడినవాళ్లు.

ఇప్పుడు లీగు అంటే ఏందో చెబుతాను. కప్పు వేరు, లీగు వేరు. కప్పులో ఓడిపోతే ఇంటికి పోవాలి. లీగులో అట్లా కాదు. ప్రతి జట్టు మిగతా అన్ని జట్లతో రెండుసార్లు ఆడుతుంది, ఒకసారి సొంత ఊళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో. అప్పుడు గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా. నెలల తరబడి ఆడినాక ఎవరికి ఎక్కువ పాయింట్లు ఉంటే వాళ్లు గెలిచినట్టు. ఒక్కరోజు బాగా ఆడితే సరిపోదు.

స్పెయిన్ లో 1926 నుంచి ఆటగాళ్లకు జీతం ఇవ్వడం ఒప్పుకున్నారు. జీతాలు ఇవ్వాలంటే ఆటలు ఎక్కువ జరగాలి కదా. అట్లా 1929 ఫిబ్రవరి 10న మొదటి లీగు మొదలైంది. పది జట్లు. ఆ లీగులో మొట్టమొదటి గోలు కొట్టింది జమోరా జట్టువాడే, ఎస్పాన్యోల్ ఆటగాడు ప్రాట్స్. ఆ ఏడాది గెలిచింది మాత్రం బార్సిలోనా.

అదే ఏడాది మే 15న ఇంగ్లండు జట్టు మాడ్రిడ్ కు వచ్చింది. ఫుట్ బాల్ కు రూల్స్ రాసింది ఇంగ్లీషు వాళ్లే, 1863లో లండన్ లో. అందుకే వాళ్లు ఈ ఆటకు గురువుల మాదిరి. అప్పటిదాకా యూరప్ లో వాళ్ల దీవులకు బయటి దేశం ఏదీ వాళ్లను ఓడించలేదు. ముందుగా ఇంగ్లండే రెండు గోల్స్ కొట్టింది. మధ్యలో జమోరా రొమ్ము ఎముక విరిగిందంటారు. ఆయన బయటకు రాలేదు. చివరికి స్పెయిన్ 4-3తో గెలిచింది. ఎముక విరిగి ఊపిరి పీలిస్తేనే నొప్పి వస్తుంటే బంతి మీదికి ఎట్లా దూకాడో నాకు అర్థం కాదు. పోయిన ఏడాది చింతచెట్టు మీద నుంచి పడి పక్కటెముకకు దెబ్బ తగిలి నేను నాలుగు రోజులు నవ్వలేకపోయాను.

1930లో మాడ్రిడ్ జట్టు ఆయన్ను కొనుక్కుంది. కొనుక్కోవడం అంటే పాత జట్టుకు డబ్బు ఇచ్చి తీసుకోవడం. 1,50,000 పెసెటాలు ఖర్చు పెట్టారు. స్పెయిన్ లో అప్పటిదాకా ఒక ఆటగాడికి అంత ఎవరూ పెట్టలేదు. కానీ ఆ సంవత్సరం లీగులో మాడ్రిడ్ పది జట్లలో ఆరోది వచ్చింది. అంత డబ్బు పోసి తెచ్చిన గోల్ కీపర్ ఉండి ఆరో స్థానం! చూసేటోళ్లు ఏమనుకుని ఉంటారో మీరే ఊహించుకోండి. వరసగా రెండేళ్లు గెలిచింది ఉత్తరాన ఉన్న బిల్బావో జట్టు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాను. 1931-32 లీగు. నేను ఈ వ్యాసం రాసింది దీని కోసమే.

ఆ ఏడాది స్పెయిన్ లో అంతా మారిపోయింది. 1931 ఏప్రిల్ లో రాజు దేశం విడిచి పోయాడు, ప్రజల ప్రభుత్వం వచ్చింది. మాడ్రిడ్ జట్టు పేరులో ముందు రియల్ అని ఉండేది, అంటే రాజుగారిది అని. ఆ మాట తీసేశారు. ఉత్త మాడ్రిడ్ అయింది. జట్టువాళ్లు అలావెస్ అనే చిన్న జట్టు నుంచి సిరియాకో, కిన్కోసెస్ అనే ఇద్దరిని తెచ్చారు. వీళ్లు వెనక ఆడేవాళ్లు, అంటే గోల్ కీపర్ ముందు నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునేవాళ్లు. జమోరా, సిరియాకో, కిన్కోసెస్ – ఈ మూడు పేర్లూ స్పెయిన్ లో కలిపి ఒక్కటిగా చెప్పుకుంటారు. మన దగ్గర పొయ్యికి మూడు రాళ్లున్నట్టు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జొన్న చేను పాలు పోసుకునే టైములో మనలో చానామంది మంచె మీద కూర్చుని చేను కాసినవాళ్లమే. పిట్టల్ని, పందుల్ని అదిలిస్తూ రాత్రంతా డబ్బా కొడతాం. పంట మొత్తం దక్కితే ఎవరూ ఏమీ అనరు. ఒక్క రాత్రి కన్నంటుకుని పంది పడితే మాత్రం తెల్లారి ఊరందరికీ తెలుస్తుంది. గోల్ కీపర్ పని కూడా అదే. అందుకే ఒక్క మనిషి కాస్తే చాలదు, మంచెకు మంచెకు మధ్య కేక అందాలి. మాడ్రిడ్ కు ముందు ఏడాది లేనిది, ఈ ఏడాది దొరికింది అదే అని నాకు అనిపిస్తుంది.

లీగు నవంబరులో మొదలైంది. కొద్ది రోజులకే, డిసెంబరు 9న, స్పెయిన్ దేశం జట్టు లండన్ పోయింది. రెండేళ్ల కింద ఓడిన ఇంగ్లండు వాళ్లు పిలిచారు. వాళ్లు మర్చిపోతారా? జమోరా పేరు అప్పటికి దేశదేశాల్లో మోగుతోంది. లోకంలోనే గొప్ప గోల్ కీపరట, చూద్దాం అని జనం వచ్చారు. ఆట మొదలైన కాసేపటికే గోల్స్ పడటం మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఆగలేదు. మొత్తం ఏడు. స్మిత్ రెండు, జాన్సన్ రెండు, క్రూక్స్ రెండు, డీన్ ఒకటి కొట్టారు. స్పెయిన్ కు వచ్చిన ఒక్క గోలు బిల్బావో ఆటగాడు గొరోస్తిసా కొట్టాడు. 7-1.

దివ్యుడు అని పేరున్న మనిషికి ఒక్క సాయంత్రం ఏడు గోల్స్ పడ్డాయి. ఆయనకు అప్పటికి ముప్పై ఏళ్లు. ఇంక అయిపోయింది అనుకునే వయసే అది. నాకు ఐదు పడితే మన హాస్టలు వాళ్లకు మాత్రమే తెలిసింది, ఆయనకు పడిన ఏడు పొద్దున్నే పేపర్లలో అచ్చయింది. నేను అన్నం మానేశాను. ఆయనేం చేశాడంటే, రైలెక్కి ఇంటికొచ్చి లీగులో మళ్లీ గోలులో నిలబడ్డాడు.

ఆ మరుసటి రోజే, డిసెంబరు 10న, స్పెయిన్ కొత్త ప్రభుత్వానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. ఆయన పేరులో కూడా జమోరా ఉంది, అల్కలా జమోరా. రష్యా నాయకుడు స్టాలిన్ ఈ పేరు విని గోల్ కీపరే అధ్యక్షుడయ్యాడు అనుకున్నాడని ఒక నవ్వులాట కథ చెబుతారు. నిజమో కాదో గాని ఏడు గోల్స్ పడ్డాక కూడా ఆయన పేరుకు అంత విలువ ఉందని దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇంక లీగు లెక్క చెబుతాను, జాగ్రత్తగా చదవండి. పది జట్లు కాబట్టి ఒక్కో జట్టుకు 18 ఆటలు. మాడ్రిడ్ 18 ఆటల్లో 10 గెలిచింది, 8 డ్రా చేసింది. ఓడినవి ఎన్ని? సున్నా. లెక్కల నోటుబుక్కులో వేసి చూశాను, పదిని రెండుతో గుణిస్తే 20, దానికి 8 కలిపితే 28 పాయింట్లు. రెండో స్థానం వచ్చిన బిల్బావోకు 25. మాడ్రిడ్ కొట్టిన గోల్స్ 37, పడినవి 15. ఆ ఆటల్లో దాదాపు అన్నింటిలో గోలు కాసింది జమోరానే. 18 ఆటలకు 15 గోల్స్ అంటే ఒక్కో ఆటకు ఒక్కటి కూడా కాదు. లండన్ లో ఒక్క సాయంత్రం పడినవి ఏడు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా లీగు మొత్తంలో జట్టుకు పడినవి పదిహేను.

ఆ ఎనిమిది డ్రాలను చూసి కొందరు తీసిపారేస్తారు, గెలవలేదు కదా అని. నేనైతే ఒప్పుకోను. గెలవడం ముందు ఆడేటోళ్ల చేతిలో ఉంటుంది, ఓడకుండా ఉండడం వెనక వాళ్ల చేతిలో ఉంటుంది. ఇటువైపు గోల్స్ పడని రోజుల్లో అటువైపు కూడా పడకుండా కాచారు కాబట్టే ఆ ఎనిమిది ఓటములు కాలేదు. బిల్బావో ఆ ఏడాది మాడ్రిడ్ కంటే ఒక ఆట ఎక్కువే గెలిచింది, 11. అయినా రెండోదయింది. ఎందుకంటే నాలుగు ఓడింది.

ఆఖరి ఆట 1932 ఏప్రిల్ 3న. అది ఎక్కడ పడిందో తెలుసా? బార్సిలోనాలో. జమోరా పుట్టిన ఊరు, ఆయన పాత జట్టు. ఎవరికైనా సొంత ఊళ్లో ఓడిపోతే తలెత్తుకోవడం కష్టం. ఆట 2-2తో డ్రా అయింది. మాడ్రిడ్ మొట్టమొదటిసారి లీగు గెలిచింది, ఒక్క ఆటా ఓడకుండా. స్పెయిన్ లీగులో అట్లా గెలిచిన జట్లు రెండే రెండు, 1929-30లో బిల్బావో, 1931-32లో మాడ్రిడ్. ఇప్పుడు లీగులో 20 జట్లు, 38 ఆటలు. ఇంకా ఎవరి వల్లా కాలేదు. మరుసటి ఏడాది కూడా మాడ్రిడ్డే గెలిచింది.

1934లో ఇటలీలో ప్రపంచ కప్పు జరిగింది. మొదటి ఆటలో స్పెయిన్ బ్రెజిల్ ను 3-1తో ఓడించింది. ఆ ఆటలో వాల్దెమార్ దె బ్రిటో కొట్టిన పెనాల్టీని జమోరా ఆపాడు. పెనాల్టీ అంటే గోల్ కీపర్ ఒక్కడు, కొట్టేవాడు ఒక్కడు. ఆ వాల్దెమారే చానా ఏళ్ల తర్వాత పీలే అనే పిల్లగాడిని కనిపెట్టి పెద్ద జట్టుకు తీసుకుపోయాడు. పీలే గురించి రాయాలంటే ఇంకో గోడపత్రిక కావాలి. తర్వాతి ఆట ఇటలీతో, వాళ్ల ఊళ్లోనే. 1-1. దెబ్బల మీద దెబ్బలు తిన్నాడు జమోరా. మళ్లీ మరుసటి రోజే ఆడించారు. ఆయన దిగే స్థితిలో లేడు. ఆయన లేకుండా స్పెయిన్ 1-0తో ఓడింది. ఆ కప్పు ఇటలీ గెలిచింది.

మాడ్రిడ్ తరఫున ఆయన చివరి ఆట 1936 జూన్ 21న, వాలెన్సియాలో, కప్పు ఫైనలు. ఎదుట మళ్లీ బార్సిలోనా. మాడ్రిడ్ 2-1తో ముందుంది. జట్టులో ఒకరికి దెబ్బ తగిలి పది మందే మిగిలారు. ఆట ఇంక కాసేపట్లో అయిపోతుందనగా బార్సిలోనా ఆటగాడు ఎస్కోలా దగ్గర నుంచి గురిచూసి కొట్టాడు. జమోరా ఎడమ పక్కకు దూకాడు. నేల ఎండిపోయి ఉంది. దుమ్ము లేచి ఆయన కనపడలేదు. బంతి లోపల పడిందో లేదో ఎవరికీ తెలియదు. దుమ్ము తగ్గాక చూస్తే ఆయన నిలబడి ఉన్నాడు, బంతి ఆయన చేతుల్లో ఉంది. ఆ దుమ్ములో తీసిన ఫోటో స్పెయిన్ లో చానామందికి తెలుసు.

నెల తిరగకుండా, జులైలో, ఆ దేశంలో యుద్ధం మొదలైంది. బయటి దేశంతో కాదు. వాళ్లలో వాళ్లకే. సైన్యంలో కొందరు ప్రభుత్వం మీద తిరగబడ్డారు. అన్న ఒకవైపు, తమ్ముడు ఒకవైపు. లీగు ఆగిపోయింది, మూడేళ్లు ఆడలేదు. జమోరా మాడ్రిడ్ లో చిక్కుకున్నాడు. ఒక మతపక్షం పేపరుకు వ్యాసాలు రాసేవాడని ప్రభుత్వం వైపు సాయుధులు ఆయన్ను పట్టుకుని మొదేలో అనే జైల్లో వేశారు. ఇంకోవైపు వాళ్ల పేపర్లలో, రేడియోలో ఆయన్ను చంపేశారని వార్త వచ్చింది. జనం ఆయన కోసం చర్చిల్లో ప్రార్థనలు కూడా చేశారు. ఆయనేమో బతికే ఉన్నాడు, జైల్లో.

నవంబరులో ఆ జైలు నుంచి చానామంది ఖైదీలను బండ్లలో తీసుకుపోయి కాల్చేశారు. పేర్లు చదివి పిలిచేవాళ్లు. పిలుపు వచ్చినవాళ్లు తిరిగి రాలేదు. జమోరా పేరు తెలియని కాపలావాడు ఆ జైల్లో ఎవడుంటాడు? ఆ పేరే ఆయన్ను పట్టించింది, ఆ పేరే కాపాడింది. గాల్వెజ్ అనే కవి ప్రభుత్వం వైపు మనిషి, ఆయన జమోరాను వెనకేసుకొచ్చి విడిపించాడని చెబుతారు. బయటకు వచ్చాక అర్జెంటీనా దేశం రాయబారి కార్యాలయంలో దాక్కుని, అక్కడి నుంచి భార్యాకొడుకుతో ఫ్రాన్స్ చేరుకున్నాడు. నీస్ అనే ఊళ్లో మళ్లీ గోలులో నిలబడ్డాడు. అక్కడ పక్కన ఎవరున్నారనుకున్నారు? పాత స్నేహితుడు సమితియె. ఇద్దరూ ఇల్లు వదిలి వచ్చినవాళ్లే. 1938 దాకా అక్కడ ఆడి ఆట మానేశాడు.

గాల్వెజ్ సంగతి కూడా రాయాలి, ఎందుకంటే జమోరా కథ చెప్పేటప్పుడు చానామంది ఆయన్ను సగంలో వదిలేస్తారు. యుద్ధంలో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. గెలిచినవాళ్లు 1940లో గాల్వెజ్ ను కాల్చి చంపారు. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు బయట కూర్చున్నాను.

జమోరా తిరిగి స్పెయిన్ వచ్చి జట్లకు ఆట నేర్పాడు. యుద్ధం అయ్యాక మొదటి రెండు లీగులు, 1939-40, 1940-41, గెలిచింది ఆయన నేర్పిన అత్లెటికో ఏవియేషన్ జట్టే. ఇప్పుడు దాన్నే అత్లెటికో మాడ్రిడ్ అంటారు. 1934లో ప్రజా ప్రభుత్వం ఆయనకు పతకం ఇచ్చింది, యుద్ధం తర్వాత దాన్ని కూల్చిన ఫ్రాంకో ప్రభుత్వమూ ఒక పతకం ఇచ్చింది. రెండూ పుచ్చుకున్నాడు. అది మంచో చెడో నాకు తేలలేదు, మీరు సాయంత్రం స్టడీ అవర్ తర్వాత వచ్చి నాతో వాదించొచ్చు. కొడుకు పేరు కూడా రికార్డోనే, అతనూ గోల్ కీపరే అయ్యాడు. డాక్టరు మాత్రం ఇద్దరిలో ఎవరూ కాలేదు.

దేశం తరఫున జమోరా ఆడినవి 46 ఆటలు. 1978 సెప్టెంబరు 8న పుట్టిన ఊరు బార్సిలోనాలోనే చనిపోయాడు.

ఆయన పేరు మీద బహుమతి ఇస్తారని మొదట్లో చెప్పాను కదా. మార్కా అనే ఆటల పేపరు వాళ్లు 1958-59 లీగు నుంచి ఇస్తున్నారు. దాని లెక్క ఇట్లా ఉంటుంది: గోల్ కీపరుకు పడిన గోల్స్ ను ఆడిన ఆటలతో భాగించాలి, ఎవరికి తక్కువ వస్తే వాళ్లది. రమల్లెట్స్, వాల్దెస్, ఓబ్లాక్ అనే ముగ్గురు కనీసం అయిదేసి సార్లు గెలిచారు. ఎన్ని ఆపాడో ఎవరూ లెక్కపెట్టరు, ఎన్ని పడ్డాయో మాత్రమే చూస్తారు. బహుమతి ఇచ్చేటప్పుడు కూడా అంతే. లండన్ లో పడిన ఏడు అట్లాంటి లెక్కలోకి రావు, ఎందుకంటే అది దేశాల ఆట, లీగు ఆట కాదు. కానీ జమోరా గురించి రాసేవాళ్లు ఆ ఏడును వదిలిపెట్టరు. నేనూ వదల్లేదు.

ఆదివారం ఎనిమిదో తరగతి వాళ్లతో మళ్లీ ఆట ఉంది. గోలులో నేనే.